టిపూ మీదికి వచ్చినవాడి పేరు, ఆస్ట్రేలియా ఊరికి

మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా ఖాలా కొడుకు, "భాయ్‌జాన్, సరస్సులూ సముద్రమూ ఒక్క సఫర్‌లో చూపిస్తా" అని కారెక్కించి తూర్పుగా రెండొందల కిలోమీటర్లు దాటించాడు. ఊరి పేరు సేల్. పిల్లలైతే బట్టల దుకాణాల డిస్కౌంట్ అనుకుని నవ్వారు. పాత నామ్ 'ఫ్లడింగ్ క్రీక్', అంటే వరదల వాగు. నేలకు తగిన పేరే. మరి సేల్ ఎవరు?

జనరల్ రాబర్ట్ సేల్. బ్రిటిష్ ఫౌజీ. 1799లో ఇంకా పదిహేడేళ్లు నిండకుండానే మళవళ్లి దగ్గర, ఆ తర్వాత శ్రీరంగపట్నం ముట్టడిలో హజ్రత్ టిపూ సుల్తాన్ మీదికి వచ్చిన సైన్యంలో ఉన్నాడు. బర్మాలో లడాయి చేశాడు. 1842లో జలాలాబాద్ కోటను అఫ్గాన్‌ల చేతికి పోనివ్వకుండా కాపాడి ఇంగ్లండ్‌లో హీరో అయ్యాడు. అదే సమయంలో అతని భార్య ఫ్లోరెన్షియా, అక్బర్ ఖాన్ కైదులో ఉండి డైరీ రాసుకుంది. 1845 డిసెంబర్‌లో పంజాబ్‌లోని ముద్కీ దగ్గర సిక్కుల తూటాలకు సేల్ చనిపోయాడు. దాదాపు జిందగీ అంతా మన వైపు జంగుల్లోనే గడిపినవాడి పేరు, ఎక్కడో దక్షిణ ధ్రువం వైపున్న వరదల వాగుకు తగిలించారు.

ఊరి పక్కనే పెద్ద సరస్సు, లేక్ వెల్లింగ్టన్. వెల్లింగ్టన్ డ్యూక్ అంటే మనకు తెలిసిన ఆర్థర్ వెల్లెస్లీయే. ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. 1799లో అతను నడిపించింది ఎవరి ఫౌజునో తెలుసా? మన నిజాం పంపిన ఫౌజును, తన 33వ రెజిమెంటుతో కలిపి. నిజాం తరఫున వెళ్లిన సర్దార్ మీర్ ఆలం. ఆ ఫతేలో దక్కిన సొమ్ముతోనే హైదరాబాద్‌లో మీర్ ఆలం చెరువు కట్టించాడని చెప్తారు. జూ పార్కుకు పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఆ కట్టను, దాని ఇరవై ఒక్క కమాన్లను చూసే ఉంటారు. మే 4న సుల్తాన్ షహీద్ అయిన ఆ లడాయి యాద్గార్‌గా ఒక చెరువు మన దగ్గర ఉంది. అందులో గెలిచినవాడి పేరుతో ఒక సరస్సు అక్కడుంది. టిపూ మీద తఖ్రీర్లు చాలా విన్నాం. అటువైపు నిలబడ్డ మన హుకుమత్ గురించి మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతాం.

ఆ సరస్సులకు, ఆ వాగులకు అంతకుముందు పేర్లు లేవా? ఉన్నాయి. అది గునైకుర్నై కౌమ్ జమీన్. అయిదు వంశాలు, వేల ఏళ్ల బస్తీలు. 1840 ప్రాంతంలో పశువుల మందలకు పచ్చిక వెతుక్కుంటూ స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఆంగస్ మెక్‌మిలన్ అక్కడికి చేరాడు. వాళ్ల స్కై దీవిలో, ఆ చుట్టుపక్కల కొండసీమల్లో గొర్రెల కోసం బీద రైతులను జమీందార్లు ఇళ్లల్లోంచి వెళ్లగొడుతున్న రోజులవి. జుల్మ్ చూసి వచ్చినవాళ్లు కొత్తచోట అదే పని చేశారు. 1843 జులైలో రోనాల్డ్ మెకాలిస్టర్ అనే తెల్లవాడు హత్యకు గురైతే, గుర్రాల మీద వెళ్లి, సేల్‌కు దక్షిణాన వారిగల్ క్రీక్ దగ్గర విడిది చేసిన జనాన్ని చుట్టుముట్టి కాల్చారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా. మరణాల లెక్క 60 నుంచి 150 దాకా చెప్తారు. ఆ గుంపును నడిపింది మెక్‌మిలనే అని చరిత్రకారుల అంచనా. శిక్ష ఎవరికీ పడలేదు. అతనేమో తర్వాత చట్టసభ మెంబర్ అయ్యాడు. ఇప్పుడు దారిలో అక్కడక్కడ అతని పేరుతో రాతి స్తంభాలు కనిపిస్తాయి.

సముద్రం మాత్రం అద్భుతం. నైంటీ మైల్ బీచ్‌లో కనుచూపు మేర ఇసుకే, మనిషి అలికిడి లేదు. ఓడల సౌకర్యానికి 1889లో సరస్సుల తూర్పు చివర ఆ ఇసుకను తవ్వి సముద్రంలోకి దారి తెరిచారు. ఉప్పునీరు లోపలికి వచ్చింది, మంచినీటి గడ్డీ చెట్లూ చాలాచోట్ల ఎండిపోయాయి.

2010 అక్టోబర్‌లో ఫెడరల్ కోర్టు గునైకుర్నై వాళ్ల హక్కును ఒప్పుకుంది. 2018లో అక్కడి పార్లమెంట్ నియోజకవర్గానికి మెక్‌మిలన్ పేరు తీసేసి మొనాష్ అని పెట్టారు. సేల్ పేరు అలాగే ఉంది. సరస్సు పేరూ, ఆ ఇలాకా మొత్తాన్ని ఏలే కౌన్సిల్ పేరూ వెల్లింగ్టనే.