ఎద్దునెక్కి వచ్చిన బాటసారులు

గోరంట్ల మాధవరాయస్వామి ఆలయ మండపములో వేసవి మధ్యాహ్నమున కూర్చున్నవారికి, రాతిస్తంభముల మీది శిల్పముకంటె ముందుగా తెలియునది ఆ రాతి చల్లదనము. విజయనగరపు నాటి ఆ మండపములు దేవునికొరకు కట్టబడినవే కాని, వానివలన మిక్కిలి సుఖపడినవారు బాటసారులే యని మేము తలంతుము. చిత్రావతి ఏటికి చేరువగా, పెనుకొండకు రమారమి రెండామడల దూరములోనున్న యీ ఊరికి పూర్వము వచ్చిన బాటసారి మొదట అడుగవలసిన ప్రశ్న దారి యెటులని కాదు, నీరెక్కడ యని. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడపు సీమ యిది. బుక్కపట్నపు చెరువువంటి గొప్ప చెరువులు లేకున్నచో ఈ ప్రాంతమున సేనలేమి, యాత్రికులేమి, ఒక్క వేసవినైనను దాటియుండరు.

ప్రయాణము చేయువారికి హితవు చెప్పు గ్రంథములు నేడు కొల్లలుగా వచ్చుచున్నవి. ఏ ఓడలో సుఖముండును, ఏ పట్టణమున రెండుదినములు గడుపవచ్చును, ఏ పానీయము మేలైనది అని వానిలో వ్రాయుదురు. ఇది క్రొత్త విద్య యని యెవరైన ననుకొన్న పొరపాటు. మన తెలుగులోనే 15వ శతాబ్దమునాటి క్రీడాభిరామమున్నది. టిట్టిభసెట్టి, మంచనశర్మ అను మిత్రులిద్దరు ఓరుగల్లు నగరమును ఒక్కదినములో తిరిగి చూచుటయే దాని కథ. వీథులు, కోడిపందెములు, పూటకూటి యిల్లు, వేశ్యావాటిక, అన్నియు వారికి వినోదములే. ఆ కావ్యములోని అభిరుచులన్నియు కుటుంబములో చదువదగినవి కావు. అయినను, పట్టణమును చూచుటకే పట్టణమునకు పోవు తెలుగువారు ఆనాడే యుండిరని చెప్పుట కది చాలిన సాక్ష్యము.

పరదేశమునుండి వచ్చినవారి మాట వేరు. వారికి పట్టణముకంటె ముందు సముద్రము తగిలెను. పారశీక చక్రవర్తి షారుఖ్ రాయబారిగా 1442లో హెరాతునుండి బయలుదేరిన అబ్దుల్ రజాక్, హోర్ముజు రేవులో ఓడనెక్కగనే ఆ ఓడ వాసనకును, సముద్రభీతికిని మూర్ఛపోయి మూడు దినములు తెలివి తప్పియుంటినని తానే వ్రాసికొన్నాడు. రాయబారి యైనవాడు తన భయమును దాచక వ్రాయుట మాకెంతయో ముచ్చట గొలుపును. 1443లో విజయనగరము చేరినపిదప ఆయన కలము మారిపోయెను. ఏడు ప్రాకారముల నగరమును, మహానవమి వేడుకలను కన్నులారా చూచి వర్ణించెను. మద్యమును గూర్చి ఆయన చెప్పిన దల్పము. తాంబూలమును మాత్రము మెచ్చుకొని, అది మద్యమువలెనే ముఖమునకు కాంతినిచ్చి మత్తు గొలుపునని వ్రాసెను. సుమారు 1520లో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ అదే నగరపు అంగళ్ళలో ద్రాక్షపండ్లును, దానిమ్మపండ్లును అమ్ముట చూచినాడు. కనుక ద్రాక్ష మన పీఠభూమికి నిన్నమొన్న వచ్చినది కాదు.

వీరిద్దరును నగరము నిండుగానున్నపుడు వచ్చినవారు. అది కూలినపిదప వచ్చినవాని మాట వినుట మనకింకను అవసరము. వెనీసు వర్తకుడు సీజరు ఫెడెరీచి 1567లో, అనగా తళ్ళికోట యుద్ధము జరిగిన రెండేండ్లకు, విజయనగరము చేరెను. ఇండ్లు నిలిచియున్నవి గాని మనుష్యులు లేరనియు, వానిలో పులులును ఇతర మృగములును తిరుగుచున్నవనియు ఆయన వ్రాసెను. రాజధాని పెనుకొండకు తరలినదనియు, అది ఎనిమిది దినముల ప్రయాణమనియు వ్రాసినది కూడ ఆయనయే. మన పెనుకొండ పేరు ఐరోపావారి చెవిని పడిన తొలిసందర్భములలో ఇది యొకటి. ఎవరి కథలో చూచినను ఆ తరలింపు ఒక రాజు పక్షముననే చెప్పబడును. ఫెడెరీచి మాత్రము దానిని వర్తకుని కన్నుతో చూచెను. ఆయనతోకూడ గోవానుండి మూడువందల అరబ్బు గుర్రములతో ఇద్దరు వర్తకులు వచ్చిరి. యుద్ధములో పోయిన గుర్రములకు కూడ వెల యిత్తునని ఆశచూపి క్రొత్త ప్రభువు గుర్రములను తెప్పించుకొని, చేతికందిన పిదప ఒక్క కాసైన నీయక వర్తకులను పంపివేసినాడట. దుఃఖముతో వారు మతిచెడినవారైరని ఆయన వ్రాసెను. ఆ ప్రభువు తిరుమలరాయడని చరిత్రకారులు గుర్తించుచున్నారు. పెనుకొండను రాజధానిగా జేసి, మిగిలిన రాజ్యమును నిలిపినవాడని మనము గౌరవముతో తలచుకొను రాజే ఆయన. రెండు మాటలును నిజము కావచ్చును. యుద్ధములో సర్వము పోగొట్టుకొన్న ప్రభుత్వమునకు గుర్రములు కావలెను, చేతిలో ధనము లేదు. ఆ నష్టము నెవరు భరించిరో ఫెడెరీచి వలన తెలియుచున్నది.

ఒక నెలలో ముగియు పనికి ఆయన ఏడు నెలలు ఆ పాడునగరములో నుండవలసి వచ్చెను. దారులు దొంగలతో నిండియుండుటయే కారణము. కడకు బయలుదేరునపుడు రెండెద్దులను కొనెను. ఒకటి యెక్కుటకు, రెండవది తినుబండారములను మోయుటకు. సత్రము లేని దారిలో బియ్యము, కుండ, కట్టె అన్నియు బాటసారియే వెంట తీసికొనిపోవలెను. దారిలో దొంగలు వానిని దోచిరి. ప్రాణము దక్కుటయే లాభమని తలచి గోవా చేరినాడు. ప్రయాణగ్రంథములలో మంచి భోజనమును గూర్చి చదివినపుడెల్ల మాకు ఈ రెండవ యెద్దు జ్ఞాపకము వచ్చును.

ఎద్దుల శాస్త్రమును సంపూర్ణముగా వ్రాసినవాడు పారిసు రత్నవర్తకుడు జాన్ బాప్టిస్ట్ తావెర్నియే. 17వ శతాబ్దము నడుమ గోలకొండకు పలుమారులు వచ్చి, 1676లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. కొల్లూరు వజ్రపు గనులలో అరువదివేల మంది పనిచేయుచుండిరని వ్రాసినది కూడ ఈయనయే. హిందూదేశములో ప్రయాణము చేయువిధమును గూర్చి ఆయన వ్రాసిన ప్రకరణము నేటి మార్గదర్శిని వలెనే యుండును. ఎక్కుటకు ఎద్దును తీసికొనునపుడు కొమ్ములు అడుగు పొడవుకంటె మించకుండ చూచుకొనుమనును. ఈగలు కుట్టినపుడు ఎద్దు తల వెనుకకు విసరును, కొమ్ములు పొడవైనచో ఎక్కినవాని కడుపులో గ్రుచ్చుకొనును, ఇట్లు పలుమారులు జరిగినది యని హెచ్చరించును. రాతినేలలో నడచు ఎద్దులకు నాడాలు వేయుదురనియు చెప్పెను. మేము ఈ ముచ్చట గోరంట్లలోని యొక వృద్ధరైతునకు చెప్పితిమి. ఆయన నవ్వి, "ఎక్కి పోయేటోనికి కొమ్ములు కావల్ల సామీ, సేద్యం జేసేటోనికి పండ్లు, సుడులు జూసుకోవల్ల" అనెను. తావెర్నియే సుడుల మాట యెత్తనేలేదు.

ఆయన లెక్కలు కూడ వినదగినవే. పల్లకి మోయు బోయీ ఒక్కొక్కనికి నెలకు నాలుగు రూపాయలు. అరువది దినములు మించిన ప్రయాణమైనచో అయిదు. గౌరవముగా పోదలచినవాడు ఇరువదిమందినో ముప్పదిమందినో విల్లంబులతోను, తుపాకులతోను వెంటబెట్టుకొనవలెను. వారికిని బోయీలతో సమానముగానే జీతము. సూరతునుండి గోలకొండకు బండి నలుబది, నలుబదియైదు రూపాయలకు వచ్చుచుండెను. పల్లకిలోనివాడు వ్రాసిన పుస్తకము మూడున్నర శతాబ్దములైనను నిలిచియున్నది. దానిని మోసినవారిలో ఒక్కని పేరైన అందులో లేదు.

పానీయమును గూర్చియు ఆయన వ్రాసెను. హైదరాబాదు పట్టణములోనికి ప్రతిదినము తోలుసీసాలలో తాటికల్లు నింపి గుర్రములపై పరుగున తెచ్చుచుండిరట. క్రొత్తగా దించిన కల్లు తియ్యగా నుండుటచే, పులియకముందే చేర్చవలెనని ఆ పరుగు. దాని సుంకమువలన సుల్తానునకు గొప్ప రాబడి యుండెననియు ఆయన చెప్పుచున్నాడు. మా సీమలో తాటికంటె ఈత యెక్కువ. వంకల వెంట ఈతవనములును, సాయంకాలము ఈతకల్లు కుండలును గోరంట్ల ప్రాంతమువారికి తెలిసినవే. కల్లుమీది రాబడిని విడిచి బ్రతుకగలమా యను చిక్కు సుల్తానుతో ముగియలేదు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటను మద్యనిషేధము వచ్చినపుడును, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడినపుడును, 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధమును 1997లో సడలించినపుడును అదే ప్రశ్న మరల మరల లేచెను. ఆ స్త్రీల పక్షముననే మా యభిప్రాయమున్నది. రుచిని గూర్చి మేము చెప్పవలసినది లేదు.

తావెర్నియే గ్రంథములో మా సీమకు మిక్కిలి దగ్గరిది మరియొక భాగమున్నది. ఇరుకు దారులలో పదివేలు, పండ్రెండువేల ఎద్దుల బిడారు ఎదురుగా వచ్చినచో, అది దాటిపోవువరకు రెండుమూడు దినములు ఒకచోట ఆగవలసివచ్చునని ఆయన విసుగుతో వ్రాసెను. ఆ బిడారులు బంజారాలవి, అనగా మన సుగాలీలవి. ఉప్పు, బియ్యము, ధాన్యములు, పప్పులు ఒక్కొక్క వర్గమువా రొక్కొక్కటి మోయుచుండిరి. వారికి కట్టిన యిల్లు లేదు. ఆలుబిడ్డలును బిడారుతోడనే నడిచిరి. వారి కులదేవుడు సేవాభాయా అనంతపురము జిల్లా గుత్తి ప్రాంతమునందు 18వ శతాబ్దములో జన్మించెనని వారి సంప్రదాయము చెప్పును. ఆ సేవాగఢకు నేటికిని దేశము నలుమూలలనుండి యాత్రికులు వచ్చుచున్నారు. ఫ్రెంచి వర్తకునకు దారి కడ్డమైన ఆ యెద్దులే కరవు సీమకు ధాన్యము తెచ్చినవి.

ఇది ఉట్టి మాట కాదు. 1871 నాటికే మద్రాసు, బొంబాయి నగరములను కలుపు రైలు గుత్తి మీదుగా నడచుచుండెను. అయిదేండ్లకు, 1876లో, వానలు తప్పెను. 1878 వరకు సాగిన ఆ ధాత కరవు దక్షిణదేశములో లక్షలమందిని బలిగొనెను. రైలు ధాన్యమును స్టేషనువరకు తెచ్చెను. అక్కడినుండి లోపలి గ్రామములకు తీసికొనిపోవలసినవి ఎద్దులు. మేతయు నీరును లేక మనుష్యులకంటె ముందుగా చచ్చినవి ఎద్దులే. రైలు దొరికినచోట బిడారుల పని పోయెను, రైలు లేనిచోట బిడారుల అవసరము పోలేదు. ఈ రెంటి నడుమ చిక్కినవి గోరంట్ల వంటి ఊళ్ళు. అప్పటికే, 1871లో, నేరజాతుల చట్టమొకటి పుట్టియుండెను. పని పోయి తిరుగుచున్న బంజారాలలో పలువురను పిదపికాలమున అది దొంగల పట్టికలో చేర్చెను. 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. సైన్యములను పోషించినవారిని, బాటసారులకు దారి చూపినవారిని దొంగలనుట ఎంతటి యన్యాయమో మేము వేరుగా చెప్పనక్కరలేదు.

మన భాషలో దారి హితవులు వ్రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఈయన 1830 మే 18న పల్లకీలలో పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దారిలోనుండి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపిన వివరములే కాశీయాత్రాచరిత్రయై 1838లో అచ్చయ్యెను. అప్పటికి వీరాస్వామయ్య లేడు. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా పోయిన ఆయన మజిలీ మజిలీకిని వ్రాసినది ముఖ్యముగా ఒక్కటే: ఇచ్చట దిగుటకు చోటున్నదా, నీరు మంచిదా, అంగడిలో సామానులు దొరకునా అని. గంగలో పడవలమీద పోయినపుడును ఆ అలవాటు మానలేదు. అబ్దుల్ రజాకు వలె ఆయన మూర్ఛపోలేదు. తావెర్నియే వలె కాక, తన వెనుక వచ్చు సామాన్యులైన తెలుగువారికొరకు వ్రాసెను. అందుచేత ఆయన పుస్తకమును చదువునపుడు వీరందరిలో ఆయనతో ప్రయాణము చేయవలెనని మాకనిపించును.

ఆయన మా గోరంట్ల దారిని రాలేదు. వచ్చియున్నచో మాధవరాయస్వామి మండపపు నీడను, ఆ యేడు చిత్రావతిలో నీరెంతయున్నదో ఆ సంగతిని వ్రాసియుండును. తరువాత అరువదేండ్లకు గుంతకల్లు, బెంగుళూరుల నడుమ వేసిన రైలుదారి పెనుకొండ, హిందూపురముల మీదుగా పోయెను. గోరంట్లకు స్టేషను రాలేదు. రైలు నెక్కదలచినవారు చాలకాలము హిందూపురమువరకు ఎద్దులబండిలోనే పోయిరి, తెల్లవారుజామున బండి కట్టి, రెండవ యెద్దు మోయవలసిన చద్దిమూటను ఒడిలో పెట్టుకొని.