బండి ఆగినచోట ఊరు

'అన్నా కెరనీనా' చదివినవాళ్లకి ఆ మంచుతుపాను రాత్రి గుర్తుండే ఉంటుంది. మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్లే రైలు మధ్యలో ఓ స్టేషన్లో ఆగుతుంది. పెట్టెలో ఉక్కపోత భరించలేక అన్నా ప్లాట్‌ఫాం మీదికి దిగుతుంది. ఆమె మీద మనసుపడ్డ వ్రాన్‌స్కీ కూడా సోడా నీళ్లు తాగుదామని అదే బండిలోంచి దిగుతాడు. మీరెందుకు వస్తున్నారని ఆమె అడుగుతుంది. మీరున్నచోట ఉండటానికేనని అతను చెప్పేస్తాడు. ఇక ఆ కథకి వెనక్కి తిరిగే దారి లేదు. టాల్‌స్టాయ్ ఆ స్టేషన్ పేరు దాచలేదు. బొలగోయె.

పేరు కోసం ఆయన పెద్దగా వెతుక్కుని ఉండడు. ఆ రోజుల్లో ఆ దారిన పోయేవాళ్లు ఎవరైనా కాళ్లు చాపుకోవడానికి దిగేది అక్కడే. మాస్కో నుంచి 331 కిలోమీటర్లు, పీటర్స్‌బర్గ్ నుంచి 319. ఇంచుమించు నట్టనడుమ. అక్కడ ఇంజిన్ మార్చాలి, నీళ్లు పట్టాలి, బొగ్గో కట్టెలో ఎక్కించాలి. ఈలోగా జనం ఏదో ఒకటి తినాలి. ఆవిరి ఇంజిన్‌కి దాహం వేయకపోతే ఈ పట్టణమే లేదు.

ఆ ఊరుండే సీమకి వల్దాయ్ కొండలని పేరేగానీ అవి మనం అనుకునే కొండలు కావు. మిట్టపల్లాల నేల, దాన్నిండా అడవులు, చిత్తడి, లెక్కలేనన్ని సరస్సులు. వోల్గా పుట్టేది ఆ సీమలోనే. ట్వేర్ రాష్ట్రంలో అలాంటి ఒక సరస్సు ఒడ్డున ఉంది బొలగోయె. 1495 నాటి నొవ్‌గొరొద్ శిస్తు లెక్కల్లోనే పేరుంది. ఆ తర్వాత మూడున్నర శతాబ్దాలు మాత్రం ఒట్టి పల్లెటూరు.

1842లో జార్ మొదటి నికొలస్ రెండు రాజధానులు మాస్కో, పీటర్స్‌బర్గ్‌ల మధ్య రైలు వేయమని హుకుం జారీచేశాడు. మెల్నికోవ్, క్రాఫ్ట్ అనే ఇద్దరు ఇంజినీర్లు చెరో సగం పని చూశారు. అమెరికా నుంచి రప్పించిన ఇంజినీర్ విస్లర్ సలహాతో పట్టాల మధ్య దూరం అయిదడుగులుగా ఖాయం చేశారు. మట్టి మోసిందీ, కట్టలు పోసిందీ వేలాది మంది అర్ధబానిస రైతులు. ఆ చిత్తడిలో జ్వరాలతోనూ చాకిరీతోనూ చచ్చినవాళ్ల గురించి నెక్రాసోవ్ 1864లో 'రైలు దారి' కవిత రాశాడు. రష్యా బడిపిల్లలు ఆ కట్టడం గురించి ముందుగా తెలుసుకునేది ఇంజినీర్ల వల్ల కాదు, ఆ కవిత వల్లే.

ఈ లైను మీద ఓ పిట్టకథ ఉంది. జార్ మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీశాడట. స్కేలు అంచు దాటిన వేలి చుట్టూ పెన్సిల్ వంకర తిరిగిందట. ఇంజినీర్లు నోరెత్తలేక ఆ వంకరనీ అలాగే కట్టేశారట. కథ బాగుంది, నిజం కాదు. వెరెబ్యె దగ్గరి ఆ వంపు 1881లో వచ్చింది. అప్పటికి జార్ పోయి పాతికేళ్లు దాటింది. అక్కడి ఎత్తు ఎక్కలేక ఇంజిన్లు ఆపసోపాలు పడుతుంటే చుట్టు తిప్పి వేశారు. 2001లో మళ్లీ తిన్నగా చేశారు. నిజంగా జరిగింది ఇంకొకటి. లైను తిన్నగా పోవాలని ప్రాచీన నగరం నొవ్‌గొరొద్‌ని పక్కన పెట్టేశారు. రాజులేలిన నగరానికి దక్కని రైలు బొలగోయెకి దక్కింది.

పాత క్యాలెండర్ ప్రకారం 1851 నవంబరు 1న మొదటి బండి బయల్దేరింది. మాస్కో చేరడానికి 21 గంటల 45 నిమిషాలు పట్టింది. తర్వాత ఒక్కో కొమ్మా తగిలింది. వోల్గా ధాన్యం కోసం 1870లో రీబిన్స్క్ లైను, 1897లో ప్స్కోవ్ వైపు, 1907లో పశ్చిమ సరిహద్దుకి సైన్యాన్ని తరలించడానికి పోలొత్స్క్ వైపు. అయిదు దిక్కులకీ దారులు ఏర్పడ్డాయి. స్టేషన్ భవనం మాత్రం రెండు పక్కలా పట్టాలు పోతుంటే మధ్యలో లంకలా నిలబడింది.

ఇంతలో 1899 వేసవి. పురావస్తు తవ్వకాలంటే పడిచచ్చే ప్రిన్స్ పుత్యాతిన్‌కి ఇక్కడో ఎస్టేట్ ఉండేది. రాతియుగపు పనిముట్ల మీద మాట్లాడదామని నికొలస్ రోరిక్ అనే కుర్ర చిత్రకారుడు వచ్చాడు. ప్రిన్స్ భార్యకి మేనకోడలు ఎలేనా అక్కడే ఉంది. 1901లో పెళ్లి. ఆ దంపతులే తర్వాత కులూ లోయలో స్థిరపడి హిమాలయాలని కాన్వాసుకెక్కించిన రోరిక్‌లు. వాళ్ల చిన్నకొడుకు స్వెతొస్లావ్ 1945లో పెళ్లాడింది మన వాల్తేరులో పుట్టిన నటి దేవికారాణిని. వాళ్లిద్దరూ బెంగుళూరు పొలిమేరలో తాతగుణి ఎస్టేట్‌లో ఉండేవారు. ఆ తాడుకి మొదటి ముడి పడింది బొలగోయెలోనే.

ఈ ఊరికి చరిత్రలో పెద్ద రోజు 1917 మార్చి 1, పాత లెక్కన. రాజధానిలో తిరుగుబాటు. సైనిక శిబిరం నుంచి ఇంటికి బయల్దేరిన రెండో నికొలస్ రైలు బొలగోయె దాటి మలయా విషెరా దాకా వెళ్లింది. ముందు స్టేషన్లు తిరుగుబాటుదార్ల చేతిలో ఉన్నాయని కబురొచ్చింది. బండి వెనక్కి తిప్పారు. పొద్దున్న మళ్లీ బొలగోయె. రైల్వే టెలిగ్రాఫ్ అప్పటికే డూమా (పార్లమెంటు) సభ్యుడు బుబ్లికోవ్ గుప్పిట్లో ఉంది. చక్రవర్తి ఎక్కడున్నాడో రాజధానికి గంటగంటకీ తంతి. జంక్షన్ కాబట్టి ఇంకో దారి దొరికింది. బండి పశ్చిమానికి తిరిగి, ద్నో మీదుగా సాయంత్రానికి ప్స్కోవ్ చేరింది. మర్నాడు అక్కడే సింహాసనం వదులుకున్నాడు. బొలగోయెకి పట్టణ హోదా వచ్చిందీ ఆ ఏడాదే.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఈ జంక్షన్ మీద బాంబులు కురిపించారే గానీ పట్టుకోలేకపోయారు. సోవియట్ పిల్లలకి ఈ పేరు మార్షాక్ గేయంతో పరిచయం. అందులో ఓ మతిమరుపు పెద్దమనిషి ఇంజిన్ తగిలించని పెట్టెలో కూచుని, ఇది బొలగోయేనా అని అడుగుతాడు. ఆ పెట్టె లెనిన్‌గ్రాడ్ (అదే పీటర్స్‌బర్గ్) దాటదు.

ఇప్పుడు ఊళ్లో సుమారు ఇరవై వేల మంది. సోవియట్ చివరి రోజులతో పోలిస్తే బాగా తగ్గారు. 2009 నుంచి నడుస్తున్న సప్సాన్ రైళ్లు రెండు నగరాల మధ్య దూరాన్ని నాలుగు గంటల్లోపే దాటేస్తున్నాయి. వాటిలో చాలావాటికి ఇక్కడ పనే లేదు. 2024లో కొత్త హైస్పీడ్ లైను పనులు మొదలయ్యాయి. అది నొవ్‌గొరొద్ మీదుగా పోతుంది. బొలగోయె స్టేషన్ ఆ దారిలో లేదు.