ఆమోదముద్రకు ముందు

చట్టం గురించి మన సాహిత్యం తక్కువేమీ మాట్లాడలేదు. విశాఖలో వకీలుగా బతికిన రావిశాస్త్రి, మద్యనిషేధ చట్టం ఎవరి నెత్తిన పడిందో ‘ఆరు సారా కథల్లో’ చూపించాడు. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించినప్పుడు ఆ ఉత్తర్వును మనవాళ్లు ఎదిరించి నిలిచారు. కాని శాసనసభ చేసే చట్టానికీ, అధికారి ఇచ్చే ఉత్తర్వుకూ నడుమ మరొకటి ఉంది. దాని పేరు రెగ్యులేషన్. కళాసీకి సెలవు దొరుకుతుందా, గుమాస్తాను సస్పెండు చేయవచ్చునా, పింఛను ఎంత అనేవి తేల్చేది అదే. దాన్ని ఎవరు రాస్తారు, ఎవరు ఆమోదిస్తారు, ఆమోదించేముందు ఎవరికి చూపిస్తారు? విశాఖ రేవు చరిత్రలో ఈ మూడో ప్రశ్నే కీలకమని నేననుకుంటున్నాను.

1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ కొత్త హార్బరులోకి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. అప్పటికే బొంబాయి, కలకత్తా, మద్రాసు రేవులకు ట్రస్టులుండేవి. వాటి బోర్డులలో వర్తక సంఘాలకు స్థానముండేది. బోర్డు చేసిన ఉపనిబంధనలకు సర్కారు అనుమతి కావాలి. వర్తకుడు రాస్తాడు, దొర సంతకం చేస్తాడు. బస్తా మోసేవాడు ఈ రెండు గదుల్లో దేనిలోనూ లేడు. విశాఖకు అలాంటి ట్రస్టు కూడా లేదు, ప్రభుత్వమే ఏలింది.

స్వతంత్ర భారత పార్లమెంటు 1963లో మేజర్ పోర్టు ట్రస్టుల చట్టం చేసింది. 1964 ఫిబ్రవరిలో విశాఖపట్నం పోర్టు ట్రస్టు ఏర్పడింది. బోర్డులో కార్మిక ప్రతినిధులకు చోటు దక్కింది, ఇది చిన్న మార్పు కాదు. అయితే నిబంధనల విషయంలో పాత పద్ధతి చెక్కు చెదరలేదు. మొట్టమొదటి రెగ్యులేషన్లను కేంద్ర ప్రభుత్వమే చేస్తుందన్నారు. ఆ తరువాత బోర్డు చేసే ప్రతి రెగ్యులేషనూ కేంద్రం ఆమోదించి, ఆ ఆమోదం గెజెట్‌లో అచ్చయ్యేవరకు చెల్లదన్నారు. బోర్డు తనంతట చేయకపోతే చేయమని ఆదేశించే అధికారం, అప్పటికీ చేయకపోతే తానే చేసే అధికారం కూడా ఢిల్లీ ఉంచుకుంది.

ఇంతవరకు పర్యవేక్షణే కదా, మంచిదే కదా అనిపించవచ్చు. ఇక్కడే కొంచెం ఆగి చదవాలి. రేవుల వాడకం, సరుకుల నిల్వ వంటివాటి మీద రెగ్యులేషను చేసినప్పుడు బోర్డు దాన్ని ముందుగా వరుసగా రెండు వారాలు గెజెట్‌లో ప్రకటించాలి. మొదటి ప్రకటన నాటినుంచి పద్నాలుగు రోజులు గడిచిన తరువాతే కేంద్రం ఆమోదించాలి. అంటే ఓడల కంపెనీకీ, ఎగుమతి వ్యాపారికీ ముసాయిదా చూసి అభ్యంతరం చెప్పే వ్యవధి ఉంది. కాని 28వ సెక్షను కింద చేసే రెగ్యులేషన్లకు, అంటే ఉద్యోగుల నియామకం, ప్రమోషను, సెలవు, శిక్ష, తొలగింపులకు సంబంధించినవాటికి, ఈ ముందస్తు ప్రకటన అక్కరలేదని ఆ చట్టమే మినహాయించింది. గిడ్డంగిలో సరుకు గురించి ముందుగా చెబుతారు, ఆ సరుకు దించే మనిషి బతుకు గురించి చెప్పనక్కరలేదు! గెజెట్ ఇంగ్లీషు ఎంతమంది కళాసీలు చదువుతారు గనక అని కొందరనవచ్చు. నిజమే. కాని వాళ్ల యూనియన్ చదవగలదు.

ఈ లోటు తప్పనిసరి అయినదేమీ కాదు. పదిహేడేళ్ల ముందే వేరే దారి వేసివుంది. అంబేద్కర్ వైస్రాయి కౌన్సిలులో కార్మికశాఖ సభ్యుడుగా ఉన్న కాలంలో, 1946లో, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని తన నిబంధనల ముసాయిదాను సర్టిఫయింగ్ ఆఫీసరుకు పంపాలి. ఆయన దాన్ని యూనియన్‌కు పంపి, అభ్యంతరాలకు గడువిచ్చి, ఉభయపక్షాలనూ వినాలి. ఖరారైన నిబంధనలను ఇంగ్లీషులోను, కార్మికులలో ఎక్కువమందికి తెలిసిన భాషలోను, వాళ్లు వచ్చిపోయే గుమ్మం దగ్గర బోర్డుల మీద అంటించాలి. మొదట్లో ఆ ఆఫీసరుకు నిబంధన న్యాయమా కాదా అని తేల్చే అధికారం లేదు. 1956 సవరణతో అదీ వచ్చింది. రచయితలుగా మనం గమనించవలసిన మాట ఇందులో ఉంది. నిబంధన కార్మికుడి భాషలో ఉండాలన్నది ఇక్కడ దయ కాదు, చట్టం పెట్టిన షరతు.

మరి రేవు కూడా పరిశ్రమే గదా, దీనికి ఆ చట్టం వర్తించదా? ఆ నిర్వచనంలో డాకులూ, జెట్టీలూ ఉన్నాయి. అయితే తరువాత చేర్చిన 13-బి సెక్షను ప్రకారం, ఫలానా నిబంధనలు వర్తించే కార్మికులకు ఈ చట్టం వర్తించదని ప్రభుత్వం ఒక నోటిఫికేషనుతో ప్రకటించవచ్చు. 1978లో ఉత్తరప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో తెలుగువాడైన జస్టిస్ చిన్నపరెడ్డి ఈ చిక్కును విప్పాడు. కార్మికుల సర్వీసు షరతుల విషయంలో స్టాండింగ్ ఆర్డర్ల చట్టమే ప్రత్యేక చట్టం, బోర్డు రెగ్యులేషను దాన్ని తనంతట తోసిపుచ్చలేదన్నాడు. కాని ప్రభుత్వం 13-బి నోటిఫికేషను ఇస్తే రెగ్యులేషనే నిలుస్తుంది. హక్కును గుర్తించిన తీర్పులోనే ఆ హక్కును దాటిపోయే కిటికీ కూడా తెరిచే ఉంది. తీర్పును తప్పుపట్టలేను, కిటికీ పెట్టింది పార్లమెంటు.

రెండోవైపు కూడా చెప్పాలి. 1975లో సుఖదేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం ద్వారా ఏర్పడ్డ సంస్థల రెగ్యులేషన్లకు చట్టబలం ఉందనీ, వాటిని ఉల్లంఘించి ఉద్యోగిని తీసేస్తే అది చెల్లదనీ తీర్పు చెప్పింది. కనుక ఆమోదముద్ర పడ్డ రెగ్యులేషను కార్మికుణ్ణే కాదు, బోర్డునూ కట్టేస్తుంది. మన యూనియన్లు కోర్టుల్లో దీన్ని వాడుకున్నాయి, వాడుకోవాలి కూడా. పార్లమెంటులో 1953 నుంచి ఉన్న ఉపశాసనాల సంఘం సంగతి వేరు. అది చూసేది నిబంధన అమలులోకి వచ్చాక.

ఉక్కు ఫ్యాక్టరీ మరో దారిన పుట్టింది. 1966లో అమృతరావు నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖ కాల్పులు, 1971లో శంకుస్థాపన, ఇవన్నీ మన కవిత్వంలోకి ఎక్కాయి. 1982లో దానికోసం ఏర్పడ్డ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ మాత్రం కంపెనీల చట్టం కింద ఒక కంపెనీ. దానికి పోర్టు ట్రస్టులాగా 28వ సెక్షను లేదు, రెగ్యులేషన్లూ లేవు. ఒకే ఊళ్లో రేవు ఉద్యోగి నిబంధనలు ముసాయిదా బయటపెట్టకుండానే ఢిల్లీ ఆమోదం పొందగలిగేవి. ఉక్కు కంపెనీలాంటి చోట 1946 చట్టం కార్మికుణ్ణి ముందుగా వినమనేది.

ఇప్పుడు రెండు దారులూ మారాయి. 2021లో మేజర్ పోర్టు అథారిటీల చట్టం ట్రస్టు స్థానంలో అథారిటీని తెచ్చింది; బోర్డులో ఉద్యోగుల తరఫున ఇద్దరు సభ్యులున్నారు. 1946 చట్టాన్ని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ మింగేసింది. కోడ్‌లో కూడా యూనియన్‌తో సంప్రదింపుల మాట ఉంది. అయితే కేంద్రం తయారుచేసిన నమూనా స్టాండింగ్ ఆర్డర్లను యజమాని ఉన్నవి ఉన్నట్టు స్వీకరిస్తే, అవి సర్టిఫై అయినట్టే భావిస్తారట. ఢిల్లీలో తయారైన ఆ నమూనా మీద విశాఖలో సర్టిఫయింగ్ ఆఫీసరు ఎదుట వాదించడానికి యూనియన్‌కు మిగిలేదేమీ ఉండదు.