టీలోమియర్ ప్రోటీన్లు: కణ విభజనలో నియంత్రణ

క్రోమోజోముల కొసలను కాపాడే డీఎన్‌ఏ భాగాలు టీలోమియర్లు. ఉద్దానంలో కొబ్బరి పీచుతో పేనిన తాడు కొస విడిపోకుండా ముడి వేస్తారు. టీలోమియర్ పనీ అలాంటిదే. మనిషి కణంలోని 46 క్రోమోజోములకు 92 కొసలుంటాయి. టీఆర్‌ఎఫ్1, టీఆర్‌ఎఫ్2, ర్యాప్1, టిన్2, టీపీపీ1, పాట్1 అనే ఆరు ప్రోటీన్ల కూటమి వాటిని కప్పి ఉంచుతుంది. దీన్ని షెల్టరిన్ అంటారు.

ఈ ఆరింటిలో టీఆర్‌ఎఫ్2 నియంత్రణే అన్నిటికంటే సొగసైనది. ఇది డీఎన్‌ఏ కొసను వెనక్కి మడిచి ఉచ్చులా బిగిస్తుంది. అలా చేయకపోతే, కణం ఆ కొసను తెగిన డీఎన్‌ఏగా పొరబడి మరో క్రోమోజోముకు అతికించేస్తుంది. కానీ డీఎన్‌ఏ నకలు తయారయ్యే ఎస్ దశలో ఉచ్చు బిగిసే ఉంటే నకలు యంత్రం ముందుకు సాగదు. అందుకే ఆ దశలో టీఆర్‌ఎఫ్2 మీది ఒక ఫాస్ఫేట్‌ను పీపీ6 ఎంజైము తొలగిస్తుంది. అప్పుడు ఆర్‌టెల్1 అనే ఎంజైము వచ్చి ఉచ్చు విప్పుతుంది. పని ముగిశాక సీడీకే ఎంజైము ఫాస్ఫేట్‌ను తిరిగి తగిలిస్తుంది, ఆర్‌టెల్1 తప్పుకుంటుంది. ఒక్క ఫాస్ఫేట్ తాళంచెవిలా పనిచేయడం నిజంగా అబ్బురం.

టీఆర్‌ఎఫ్1ను టాంకిరేజ్ అనే ఎంజైము కొస నుంచి వదిలిస్తుంది. టాంకిరేజ్ లేకపోతే విభజన వేళ జంట క్రోమోజోముల కొసలు విడిపడవు.

కొసను పొడిగించే టీలోమరేజ్‌ను టీపీపీ1 పిలుస్తుంది. ఆ ఎంజైము చాలా దేహకణాల్లో పనిచేయదు కాబట్టి ప్రతి విభజనకూ టీలోమియర్ కొంత అరుగుతుంది.