గాలి చల్లగా, ఇంజన్ వెచ్చగా: మూడు జిల్లాల వాహన సింహావలోకనం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైంది 2016 అక్టోబరులోనే. ఈ నేల మీద ఇంజన్ నడక మాత్రం చాలా పాతది. నిజాం కాలంలో, 1889 నాటికే జనగామ, మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్ మీదుగా బెజవాడకు రైలు నడిచింది. ఆ ఆవిరి ఇంజన్‌కు బొగ్గూ నీళ్లూ అందితే చాలు, ఎండాకాలపు గాలి దాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టాక లెక్క మారింది. బస్సు ఇంజన్‌లో ఇంధనం సిలిండర్ లోపలే మండుతుంది, అందుకు గాలి కావాలి. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలిలో, అంతే చోటులో, ఆక్సిజన్ దాదాపు 9 శాతం తక్కువ. మే నెల మధ్యాహ్నం బండి బరువుగా లాగడానికి ఇదో కారణం.

కార్బురేటర్ల కాలం డ్రైవర్లను బాగా ఏడిపించింది. పైపులోనే పెట్రోలు ఆవిరై బండి ఆగిపోయేది, పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరిచేవారు. రేడియేటర్‌లో బోరునీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుని ఇంజన్ మరిగేది. విసిగిపోయిన కొందరు, ఇంజన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ వేడి ప్రాంతానికి అక్కర్లేదని దాన్నే పీకేశారు. అది పెద్ద తప్పు. చల్లగా నడిచే ఇంజన్ ఎక్కువ ఇంధనం తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కూలెంట్ 80-95 డిగ్రీల మధ్య ఉండటమే దానికి ఆరోగ్యం.

గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే టర్బో రాకతో లారీలకు బలం పెరిగింది. కానీ నొక్కిన గాలి వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడం ఇంటర్‌కూలర్ పని. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో నిండు లోడుతో మెల్లగా పైకెక్కే డంపర్‌కు ఎదురుగాలి తగలదు, భారమంతా ఫ్యాన్ మీదే. రేడియేటర్ రెక్కల సందుల్లో బొగ్గుదుమ్ము చేరితే అదీ చాలదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో లోపలికెళ్లే గాలి వేడిని సెన్సార్ కొలుస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో గాలి మరీ వేడిగా ఉంటే, లోపల నాకింగ్ (తట్టినట్టు చప్పుడు) రాకుండా కంప్యూటర్ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది, పికప్ తగ్గుతుంది. ఎండలో పికప్ తగ్గిందని వెంటనే మెకానిక్‌ను తప్పుపట్టకండి. మార్చిలోనే రేడియేటర్, ఇంటర్‌కూలర్ కడిగించండి, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి, బోరునీళ్లు మానేసి కూలెంట్ పోయండి.