పుష్కరము మొదలు దండోరా వరకు

అమరసింహుని నిఘంటువునందలి నానార్థవర్గమున పుష్కరశబ్దమునకు చెప్పబడిన యర్థములను ఒక్కచో చేర్చి చూచినవారికి, ఇంతటి సంబంధము లేని వస్తువు లన్నియు ఒక్క పేరు క్రింద నెట్లు కూడినవా యను నాశ్చర్యము కలుగక మానదు. ఏనుగు తొండపు కొన, నీరు, ఆకాశము, కత్తి యలుగు, తామరపువ్వు, ఒక పుణ్యతీర్థము, ఒక యోషధి. వీనితోపాటు వాద్యభాండముయొక్క ముఖము, అనగా మద్దెలపై బిగించిన తోలుమూత కూడ పుష్కరమే. ఈ కడపటి యర్థమునకు మూలమైన కథ భరతుని నాట్యశాస్త్రమునందే కలదు. అనధ్యయనదినమున స్వాతి యను ముని నీటికై కొలనునకు పోగా వాన మొదలయ్యెను. పెద్దవి, నడితరమువి, చిన్నవి యైన తామరాకులపై చినుకులు పడి వేర్వేరు ధ్వనులు పుట్టించుచుండగా ఆయన చెవియొగ్గి విని, ఆ నాదములను మనసున నిలుపుకొని ఆశ్రమమునకు మరలి, విశ్వకర్మ తోడ్పాటుతో మృదంగ పణవ దర్దురములను కల్పించెనట. నీటిపై పరచుకొన్న యాకు పేరు భాండముపై పరచిన తోలునకు వచ్చుట ఈ కథ విన్నవారికి సహజముగానే తోచును. తెలుగువారికి మాత్రము పుష్కరమనగా, బృహస్పతి రాశి మారినపుడు పండ్రెండేండ్ల కొకమారు నదికి వచ్చు పర్వము. ఆ మీదట పండ్రెండేండ్ల గడువునకే పుష్కరకాలమని పేరు. గోదావరిలో మునుగు యాత్రికులలో, తాము పలుకు మాట యొకప్పుడు మృదంగపు మొగమునకు పేరని యెరిగినవారు అరుదు.

భరతుడు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలు చేసెను. అవనద్ధ మనగా చుట్టును కట్టి బిగింపబడినది; నహ్ ధాతువునకు బంధించుట యని యర్థము. ఈ తెగలోని వాద్యములన్నియు తోలు వలననే పలుకునవి. ఐనను పేరు తోలును చెప్పక, దానిని బిగించిన కట్టును మాత్రమే చెప్పుచున్నది. మృదంగము సంగతియు నంతే. మృత్తు అంగముగా గలది కనుక మృదంగము. మట్టి పోయి పనసకొయ్య వచ్చి ఎంత కాలమైనను పేరులో మన్ను నిలిచియే యున్నది గాని, పలుకునట్టి తోలు ఆ పేరులో నేనాడును చేరలేదు. అవనద్ధవాద్యముల పేళ్ళను పరిశీలించిన కొలదిని, తోలును, తోలు పదును చేసిన చేతిని కనబడనీయక దాచుట వానికి స్వభావమైనట్లు నాకు తోచుచున్నది.

ఆ చేతి పనితన మేపాటిదో మృదంగపు కుడిముఖము దగ్గరగా చూచినచో తెలియును. తోలు మీద తోలు పొరలుగా అమర్చి, పై పొరను నడుమ గుండ్రముగా కోసి, ఆ తెరపిలో ఇనుపరజమును మెత్తని అన్నముతో కలిపి నూరిన ముద్దను పలుచగా పట్టించి, రాతితో రుద్ది, ఆరిన పిమ్మట మరియొక పూత, దానిపై మరియొకటి, ఇట్లు ఓపికతో పెంచుదురు. ఎడమముఖమునకు కచేరి వేళ తడిపిన రవ్వముద్ద పెట్టుదురు. విద్వాంసుడు వేదిక నెక్కి చిన్న రాతితో అంచును తట్టుచు శ్రుతి కలుపుకొనుట చూడని శ్రోత యుండడు. బిగించిన తోలును ఊరక కొట్టినచో పుట్టు అనుస్వరములు ఒకదానితో నొకటి పొత్తు కుదురనివి. అందుచేతనే పెక్కు దేశముల భేరులకు మోతయే గాని స్వరము లేదు. నడుమనున్న ఆ నల్లని పూత బరువు ఆ యనుస్వరములను సరియైన గుణిజములకు దెచ్చి, తోలును తంత్రివలె శ్రుతిబద్ధముగా పలికించుచున్నదని సర్ చంద్రశేఖర వేంకట రామన్ శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ప్రకటించి, 1934లో మరల విపులముగా నిరూపించెను. భౌతికశాస్త్రము 1920లో వివరించిన ఈ రహస్యమును తోలుపనివాండ్రు అంతకు ఎన్నో తరములకు ముందే చెవితో కనిపెట్టి చేతితో సాధించిరి.

వేదకాలమున తోలు ఇంతగా దాగియుండలేదు. గవామయన మను సంవత్సరసత్రపు తుదిని జరుగు మహావ్రతమున, నేలలో గొయ్యి త్రవ్వి, దానిపై ఎద్దుతోలు కప్పి, ఆ యెద్దు తోకతోనే వాయించు భూమిదుందుభి యుండెడిది; అచట భూమియే భాండము, చర్మమే ముఖము. ఋగ్వేదపు ఆరవ మండలమునను, అథర్వవేదమునను దుందుభి శత్రువులను తరుము దైవముగా స్తుతింపబడినది. పిమ్మట ఆ పేరు ఎచ్చటెచ్చటికో పోయినది. రామాయణమున వాలి చేతిలో కూలిన మహిషాకారుడైన రాక్షసుడు దుందుభి. వాని యస్థిపంజరమునే రాముడు కాలి బొటనవ్రేలితో చిమ్మివైచి సుగ్రీవునకు నమ్మకము కలిగించెను. వసుదేవుడు పుట్టిన వేళ ఆనకములును దుందుభులును మ్రోగినవి గనుక ఆయన ఆనకదుందుభి యయ్యెను. ప్రభవాది సంవత్సరములలో ఏబదియారవది దుందుభి. పాలమూరు సీమను దాటి కృష్ణలో కలియు దిండి నదికి దుందుభి యనియే నామాంతరము. రాక్షసుడు, మహాపురుషుడు, సంవత్సరము, నది. ఇన్నింట ఎద్దుతోలు స్మరణకు వచ్చు చోటు ఒక్కటియు లేదు.

ఢక్కాశబ్దపు చరిత్రము ఇంకను ఉన్నతము. నృత్తము ముగించి నటరాజు ఢక్కను పదునాలుగు మారులు మ్రోగింపగా ఆ నాదములే మాహేశ్వరసూత్రములై పాణిని వ్యాకరణమునకు పునాది యైనవని శాబ్దికుల సంప్రదాయము. కీర్తిని చాటు పటహమునకు ఢక్క యని అమరుడు చెప్పెను. ఆ యర్థము తెలిసినగాని శ్రీనాథుని కథలోని పట్టు అందదు. విజయనగరమున ప్రౌఢదేవరాయల కొలువులో గౌడడిండిమభట్టును వాదమున నోడించి కవిసార్వభౌముడు ఆతని కంచుఢక్కను పగులగొట్టించె నని చాటుపద్యముల వలన ప్రసిద్ధి. డిండిమ మనునదియు వాద్యమే కదా! వాద్యమును బిరుదనామముగా ధరించిన పండితుని యెదుట ఆతని యశమును చాటు వాద్యమును పగులగొట్టుట కంటె ఘోరమైన పరాభవము పండితలోకమున నుండబోదు.

తురుష్కుల రాకతో వచ్చిన మాటలను క్లుప్తముగా చెప్పవచ్చును. నగారా, కొట్టుట యను నర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టినది. నేడు పత్రికలలో ఎన్నికల నగారా మ్రోగని యేడు లేదు. తబలా అరబ్బీ తబ్ల్ శబ్దభవము. నౌబత్తునకు మూలార్థము వంతు. జాముజామునకు వంతుగా మ్రోగించుటచేత కోటవాకిటి భేరికి ఆ పేరు వచ్చినది. హైదరాబాదులో నేడు బిర్లామందిర మున్న గుట్ట నౌబత్ పహాడ్. ఇక డోలాయమాన మను మాటను డోలుతో ముడిపెట్టువారు కలరు గాని, అది ఉయ్యెల యను నర్థముగల డోలాశబ్దము. రెంటికిని చుట్టరికము లేదు.

ఆధునికవైద్యము కూడ ఈ భాండారమునుండి మాట ఎరువు దెచ్చుకొన్నది. చెవి లోపల, ఇంచుమించు పది మిల్లీమీటర్ల వెడల్పును, మిల్లీమీటరులో పదియవ వంతు మందమును గల పలుచని పొర గాలి తాకిడికి అదరుచు, తన నంటియున్న చిన్న యెముకను కదల్చును. పదునారవ శతాబ్దమున ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఫలోప్పియో ఆ చెవిగూటికి భేరి యను నర్థముగల టింపానం అను పేరు పెట్టగా, మనవారు ఆ పొరను కర్ణభేరి యనిరి. చర్మమును చర్మముగానే యుంచి భేరి యను పేరు పొందిన వస్తువు బహుశః ఇదియొక్కటియే.

అచ్చతెలుగు పలుకుబడికి వచ్చుసరికి దృశ్యము మారును. అనంతపురపు సీమలో ఉరుము అనగా మేఘధ్వని మాత్రమే కాదు, ఒక వాద్యము; దానిని మ్రోగించుచు ఆడువారు ఉరుములవారు. రుంజ వాయించి విశ్వకర్మల పురాణము చెప్పువారు రుంజవారు. పంబ మ్రోగించువారు పంబలవారు. చేతిలోని చిన్న వాద్యపు మోతను బట్టి బుడబుక్కలవారు. తెలంగాణమున ఒగ్గు అను డమరుకము పేరుననే ఒగ్గుకథ వెలసినది. సంస్కృతమున వాద్యము పేరు దేవతలకును నదులకును ఎక్కగా, ఇచ్చట అది వాయించు మనుష్యుల మీద కులనామమై వ్రాలినది.

ఈ భేదము డప్పునందు కన్నులకు కట్టును. నానబెట్టి, వెండ్రుకలు గీకి, చెక్కచట్రమునకు బిగించి ఆరబెట్టిన తోలు గాలిలోని తేమకు సడలును. కనుక ఊరేగింపునకు ముందు వీధిమొగను గడ్డిమంట వేసి, డప్పులను సెగకు పట్టి త్రిప్పుచు, నడుమనడుమ వ్రేళ్ళతో మీటి చూచుకొందురు. మందముగా పలుకునది క్రమముగా ఖంగుమనుట మొదలిడగానే భుజమునకు తగిలించి, కుడిచేత సిర్రయు, ఎడమచేత సన్నని సిటికెనపుల్లయు పట్టి దరువు లంకింతురు. పెండ్లికిని, జాతరకును, శవయాత్రకును ఆ డప్పు లేనిదే ఊరికి జరుగదు. అట్లయ్యును 'డప్పు కొట్టుకొనుట' యనగా ఆత్మస్తుతి యని నిందార్థమును కల్పించినది మన భాషయే. ఢక్క మ్రోగిన యశము, డప్పు మ్రోగిన డంబము! రెండును తోలే, రెండును మోతయే. అర్థభేదమునకు హేతువు వాద్యమున లేదు, వాయించువానికి సమాజ మిచ్చిన స్థానమున నున్నది. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకొన్నట్లను సామెతను చెప్పినవా డెవ్వడో గాని, ఒక ప్రక్క దెబ్బలకే రోలు ఏడ్చుచుండగా రెండు ప్రక్కల దెబ్బలు తిను దాని వంకకు చూపు త్రిప్పినందులకు ఆతనిపై నాకు గౌరవము.

ఈ వరుసలో దండోరా కథ వేరు. రాజాజ్ఞను గాని, పన్ను గడువును గాని, అంటురోగపు వార్తను గాని వాడవాడల డప్పుతో చాటుట దండోరా. టముకు వేయుట యనియు దీనినే యందురు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ఇరువదియొకటవ ఆర్డరున, ఆస్తి జప్తుత్తరువును ఆ యాస్తి దగ్గర డప్పు కొట్టి గాని, మరియొక వాడుక రీతిని గాని చాటవలెనని శాసించినది. చాటుచున్న మాట ఎల్లప్పుడును సర్కారుదే, మోతుబరులదే. చాటు గొంతు మాత్రము తరతరములుగా మాదిగలది. తన మాటగా ఒక్క వాక్యమును చెప్పుకొను నధికారము డప్పు పట్టినవానికి లేకుండెను.

1994 జూలై 7వ తేదీన ప్రకాశంజిల్లా ఈదుమూడి గ్రామమున, షెడ్యూల్డుకులముల రిజర్వేషనులలో వర్గీకరణము కోరుచు మందకృష్ణ మాదిగ మొదలగువారు ప్రారంభించిన ఉద్యమము ఆ డప్పునే చేతబట్టి, మాదిగ దండోరా యని పేరు పెట్టుకొన్నది. అంతవరకు దాచిపెట్టుకొన్న కులనామమును పెక్కుమంది తమ పేళ్ళ చివర బహిరంగముగా చేర్చుకొనిరి. నేడు ఆంధ్ర తెలంగాణములలో దండోరా అనగానే వినువారికి ముందుగా స్ఫురించునది తలారి చాటింపు గాదు, ఆ యుద్యమము. ఇకమీదట తెలుగు నిఘంటువు కూర్చువారు ఆ పదము క్రింద ఈ యర్థమును మొదట వ్రాసి, తక్కినవానిని దాని పిమ్మట వ్రాయవలయును.