అవతారికలలోని స్వప్నములు – నిద్రాసంధి

ఆంధ్రకావ్యముల యవతారికలలో స్వప్నవృత్తాంతములు పెక్కులు గలవు. భక్తులు వీనిని యథార్థములైన దైవసాక్షాత్కారములుగాఁ గొనియాడుదురు. విమర్శకులు కొందఱు కవిసమయ మాత్రమని త్రోసివేయుదురు. ఈ యిరుతెగలవారును ఆయా వృత్తాంతములకడ నిలిచి చదువుట యరుదు. కవి యే వేళఁ గలఁ గనెను? అంతకుముం దేమి చేయుచుండెను? ఆ కల యతని కేమి యిచ్చెను? ఈ ప్రశ్నలకు సమాధానములు కొన్ని యవతారికలలోనే దొరకుచున్నవి.

శ్రీకృష్ణదేవరాయల (రాజ్యకాలము 1509–1529) యాముక్తమాల్యద యిందుకు ముఖ్యసాక్ష్యము. కళింగదండయాత్రయందు రాయలు విజయవాటికలోఁ గొన్నిదినములు విడిసి, పిమ్మటఁ గృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకుఁ బోయి, యాంధ్రవిష్ణుని సేవించి, యచ్చట నేకాదశి నుపవసించెను. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలోఁ గానవచ్చి, గోదాదేవితోడి తన వివాహకథను దెలుఁగునఁ గావ్యముగాఁ జెప్పి వేంకటేశ్వరున కంకిత మిమ్మని యానతిచ్చెను. తెలుఁగుబాస మేలిమిని జాటుచు సభలలోఁ దఱచుగా వినవచ్చు పద్యము ఈ స్వప్నమునందలి స్వామివాక్యమే. దానిని బఠించువారిలోఁ బలువురు ఈ సంగతి నెఱుఁగరు.

ఇం దేకాదశియు నాలుగవ జామును గమనింపఁదగినవి. ఏకాదశీవ్రతమున నుపవాసముతోపాటు జాగరణమును విహితము. రాయలు జాగరణమును బేర్కొనలేదు. అయినను ఆఁకలిగొన్నవాని నిద్ర పలుచన యనుట యెల్లర కనుభవమే. వేకువజామున నిద్ర మెలఁకువకుఁ జేరువయగును, కలలు దట్టమగును, అప్పటి కల మేలుకొన్న పిదపఁ గూడఁ జాలవఱకు జ్ఞప్తియందుండును. చివరిజాముకల శీఘ్రముగ ఫలించునని స్వప్నశాస్త్రము చెప్పుచున్నది గనుక, రాయలు శాస్త్రానుసారముగ నా వేళను గల్పించెనని వాదింపవచ్చును. కాని యా శాస్త్రమునకు మూల మేమి? మొదటిజాముకల మఱపునఁ బడుటయు, వేకువకల నిలుచుటయుఁ జూచియే పెద్ద లట్లు వ్రాసియుండుట యసంభవము గాదు.

పోతన వృత్తాంతము మఱింత సూక్ష్మమైనది. దీనినిఁ గూడ స్వప్నమనియే చెప్పువారు గలరు, అది పొరపాటు. పున్నమినాఁటి రాత్రి చంద్రగ్రహణవేళ నదికిఁ జని స్నానమాచరించి, యిసుకతిన్నెపై మహేశ్వరధ్యానము సేయుచు, కన్నులు కొంచెముగా విచ్చియున్న తఱి రామభద్రుఁడు గానవచ్చెనని భాగవతావతారిక చెప్పుచున్నది. నిద్రించితినని కవి యనలేదు; పూర్ణముగా మేలుకొని చూచితిననియు ననలేదు. రాముఁడు తిరోహితుఁడైన పిమ్మటనే కన్నులు చక్కఁగాఁ దెఱచి వెఱఁగుపడెను. (కవి గంగ యన్న యా నది గోదావరియే యని పలువురి తలంపు. కవినివాసమునుగూర్చిన వివాదమున కిది తావు గాదు.) గ్రహణస్నానమునకై నిద్ర మాని యేటిగట్టునఁ గూర్చుండినవాని యరమోడ్పుఁగన్నులు! ఇంత నిర్దిష్టముగా నీ స్థితిని జెప్పిన తెలుఁగుకవి మఱియొకఁడు గానరాఁడు. కేవలము కవిసమయమే యైనచోఁ గల యనుట సులభము. పోతన యా సులభమార్గమును విడిచెను.

ఉపనిషత్తులకు నీ స్థానము పరిచితమే. బృహదారణ్యకము ఇహపరలోకముల నడుమఁ గల స్వప్నస్థానమును సంధ్యయని పేర్కొని, యచ్చట నుండి రెంటినిఁ జూడవచ్చుననెను.

ఆంగ్లకవి కోల్రిడ్జి వృత్తాంతమును బోల్చిచూచినచో నొక భేదము స్ఫుటమగును. అతఁడు కుబ్లాఖాను అను ఖండకావ్యమును 1816లోఁ బ్రకటించుచు, ఔషధముగా నేదో సేవించి నిద్రింపఁగా నిద్దురలోనే రెండుమూఁడువందల పంక్తులు తోఁచెననియు, మేలుకొని వ్రాయుచుండఁగా నొకఁడు పనిమీఁద వచ్చి యాటంకము గల్పించుటచేఁ దక్కినది మఱచితిననియుఁ బీఠికలోఁ జెప్పెను. మిగిలినవి 54 పంక్తులు. 1934లో వెలువడిన యతని స్వహస్తలిఖితప్రతియందు మాత్రము గాఢనిద్ర మాటయే లేదు. నల్లమందు వలనఁ గలిగిన యొకవిధమైన పరధ్యానమున రచించితినని యున్నది. అచ్చుపీఠికకంటె వ్రాఁతప్రతియే విశ్వసనీయమని తోఁచును. అటులైన నతఁడును బోతన యున్న గట్టుననే యుండెను. అయినను కోల్రిడ్జి కలనుండి పద్యములను దెచ్చితిననెను. మన కవు లా మాట యనలేదు. వారికి లభించినది యానతి మాత్రమే.

జర్మను రసాయనవేత్త కెకూలే 1865లో బెంజీను నిర్మాణమును బ్రకటించెను. అగ్గికడఁ గునుకుపాటున నుండఁగాఁ దన తోఁకను దానే కఱచికొన్న పామును జూచితినని 1890లోఁ జెప్పెను. ఇరువదియైదేండ్ల తరువాతి మాట గావున సందేహించువారు గలరు. అయినను కునుకున దోఁచినదానిని మెలఁకువలోఁ బరీక్షింపకుండఁ బ్రకటింపరాదని యతఁడే హెచ్చరించెను.

2021లో ఫ్రెంచి పరిశోధకులు ప్రకటించిన పరీక్షయం దొక్కొక్కరికి ముందుగా గూఢసూత్రముగల లెక్కల నిచ్చి, పిదపఁ జేత నొకవస్తువుతోఁ జీఁకటిగదిలో విశ్రమింపఁజేసిరి. వస్తువు చేజాఱి పడుచప్పుడున కునుకుపట్టినవాఁడు మేలుకొనును. నిద్రయొక్క మొదటిమెట్టునఁ గనీసము 15 సెకండ్లు నిలిచినవారిలో నూటికి 83 మంది గూఢసూత్రమును గనుఁగొనిరి. మేలుకొనియున్నవారిలో 30 మందియే. లోనినిద్రకు జాఱినవారికి నీ లాభము గలుగలేదు.

లెక్క ముందు, కునుకు తరువాత. తిక్కన స్వప్నమందును నీ క్రమమే కానవచ్చును. పదమూఁడవ శతాబ్ది వాఁడైన యా కవి నన్నయ విడిచిన భారతమును విరాటపర్వము మొదలుకొని రచింప సంకల్పించిన పిమ్మటనే కల వచ్చినది. తండ్రి కొమ్మనదండనాథుఁడు గానవచ్చి హరిహరనాథుని యనుగ్రహమును దెలిపెను. దేవునికిఁ గృతి నొసఁగుటకుఁ గల యొక సాకని యాక్షేపింతురేమో. సాకునకు దేవుఁడొక్కఁడే చాలును. తండ్రితో నేమి పని? తలఁచుకొనుచుఁ గన్నుమూసినవానికి మొదట నింటివారే కనఁబడుదురు. తీఱవలసిన ప్రశ్న కృతిపతినిగూర్చినది. కల తీర్చినది నదియే. పదియేను పర్వములును బగటివేళ జరిగిన పని.